ఇడియట్ అంటే ఎవరు?

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్ చేసే రోజుల్లో, సూపర్‌వైజర్ నన్ను రోజూ అందరి ముందు ‘ఇడియట్’ అనేవాడు. కసికొద్దీ నిఘంటువు తెరిచాను. గ్రీకులో ఆ మాటకు మొదటి అర్థం, ఊరి సంగతులు పట్టించుకోకుండా తన పనే చూసుకునేవాడని. తెలివితక్కువవాడనే అర్థం తర్వాత వచ్చింది.

సూపర్‌వైజర్ ఇల్లు చిట్కుల్‌లో మా కాలనీలోనే. నల్లా నీళ్ల గురించి మాట్లాడుకోవడానికి కాలనీ అంతా కూడితే అతనొక్కడే రాలేదు. మర్నాడు ఫ్యాక్టరీలో అందరూ వినేలా అడిగాను.

“సార్, నిన్న మీటింగ్ల కనవడలేదేంది?”

“నా ఇంట్ల బోరుంది. నాకేంది?”

“అసలు ఇడియట్ అంటే గిదే సార్,” అని అర్థం విప్పి చెప్పాను.

నాతో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. అతని ముఖం మాడిపోయింది. నెల్లాళ్లు నాతో అట్టపెట్టెలు మోయించాడు. నడుం పట్టేసినా నాకు సంతోషంగానే ఉండేది. ఆ మాట మళ్లీ అతని నోట వినలేదు.