బేరానికి లొంగని అంకె

కట్టబోయే భవనంలో వేడి ఎంతో, చెమ్మ ఎంతో కంప్యూటరులో ముందే లెక్కగట్టి చెప్పే ఇంజనీరు దేవసహాయం గారు పోయిన వారం కావలిలో పరమపదించారు. వార్త చెప్పిన మనిషిని మూడుసార్లు గుచ్చి గుచ్చి అడిగాను. ఏ మాటనూ మొదటిసారికే నమ్మని అంగడి బుద్ధి నాది. ఈసారి మాత్రం నా అనుమానమే నిజం కావాలని కోరుకున్నాను.

ఆయనతో నా పరిచయం అనుమానంతోనే మొదలైంది. సముద్రపు ఒడ్డున ఆడపిల్లల హాస్టలుకు పైకప్పు రేకులూ, వాటిమీద పూసే తెల్లరంగూ నేను ఇవ్వాలి. రంగు పూస్తే చాలు, గదులు చల్లబడతాయని మాట ఇచ్చేశాను. ఆ మాట నిలుస్తుందో లేదో తేల్చవలసింది ఆయన. తేడా వస్తే బేరం పోతుంది.

ఆయన తెరమీద రెండు గడులున్నాయి. కప్పు ఎండను ఎంత పీల్చుకుంటుందన్నది ఒకటి, వేడిని ఎంత వదులుతుందన్నది రెండోది. మొదటి గడిలో నా కరపత్రంలోని అంకెకు రెండింతలు వేశారు, అంటే గదులు నేను చెప్పినంత చల్లబడవని. ఎదుటి అంగడివాడు ఏదో ముట్టజెప్పి ఉంటాడనుకున్నాను. ఆయన స్థానంలో నేనైతే పుచ్చుకునేవాణ్ణి మరి.

"సార్, నాదీ వద్దు, మీదీ వద్దు. మధ్యలో ఒకటి వేసుకుందాం."

"నువ్వు డబ్బా మూత తీసిన రోజు అంకె చెప్తా ఉండావన్నా. నేను ఉప్పుగాలికి, దుమ్ముకు రెండు ఎండాకాలాలు ఓర్చిన రంగు అంకె వేసినాను. నీ అంగడి గోడకు పూసింది ఇదే గదా, ఇప్పుడెట్టుందో చూసినావా?"

చూశాను. అది తెలుపేనని ప్రమాణం చేయలేను.

రెండో గడి దగ్గర అనుమానం ముదిరింది. రాత్రిపూట కప్పునుంచి ఆకాశానికి పోయే వేడిని కూడా లెక్కలోకి తీసుకోమని ఆయన ఒక టిక్కు పెట్టారు. చాలామంది పెట్టరట. పెట్టేసరికి తెల్లవారుజామున రేకు గాలికన్నా చల్లబడి, లోపలివైపు చెమ్మ నీటిబొట్లుగా పడుతుందని తేలింది. రేకు కింద వేడినాపే పొర ఒకటి వేయాలన్నారు. అది నా అంగడిలో దొరకదు. అనుమానానికి ఇంకేం కావాలి?

"ఆ టిక్కు తీసేస్తే పోదా సార్?"

"తీసేస్తా. పిల్లకాయల పరుపుల మీద నీళ్లు కారకుండా నువ్వు కాపలా ఉంటావా? రేపు తెల్లారి మీ గోడౌనుకు పోయి రేకు కింద తడిమి చూడు."

ఆయన్ను అబద్ధాలకోరుగా నిరూపించాలన్న ఉత్సాహంతోనే వెళ్లాను. అరచెయ్యంతా నీళ్లు. హాస్టలుకు ఆ పొర వేశారు. చలికాలమంతా పరుపులు పొడిగానే ఉన్నాయి.

సత్యనిష్ఠ, నిస్వార్థం, కార్యదీక్ష వంటి మాటల్ని సంతాపసభల్లో ధారాళంగా పంచిపెడతాం. ఆయన విషయంలో ఒక్కటీ తగ్గించి చెప్పే వీలు లేదు.

హాస్టలు రెండో భవనానికి కొత్త ఇంజనీరు వచ్చాడు. నిన్న అలవాటుకొద్దీ మొదటి గడిలో, ఎండ పీల్చుకునే అంకె కాస్త తగ్గించమన్నాను. "సరే అన్నా," అని వెంటనే తగ్గించేశాడు. ఇంత సులువుగా నేనెప్పుడూ గెలవలేదు. బయటికొచ్చి మెట్లు దిగబోతూ ఆగాను. ఆ కప్పు కింద పడుకోబోయే పిల్లల తరఫున నాతో బేరమాడే మనిషి ఇక లేడు. లోపలికి తిరిగివెళ్లి, పెద్ద అంకే వేయమని నేనే బతిమాలాను. ఇందులో నాకేం లాభమోనని అతను అనుమానంగా చూశాడు. దేవసహాయం గారికి నమస్కరించడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.