జీవరత్నంగారి మజ్జిగ చెంబు

నందిగామ ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో టీచర్లు కావడానికి వచ్చిన పిల్లలు రెండింటికి భయపడేవారు. ఇనస్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వినడం ఒకటి, హాస్టలు మేట్రను జీవరత్నంగారి చూపు ఒకటి. ఇనస్పెక్టరు ఏడాదికోసారి వచ్చిపోయేవాడు. జీవరత్నంగారి చూపు మాత్రం రెండు పూటలా అన్నంతోపాటు వడ్డన అయ్యేది.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. పరిటాలలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మిషను బళ్ళో చదువుకున్నారు. పెళ్ళయిన కొత్తలోనే భర్త స్తెఫను టైఫాయిడుతో పోతే, ఏడ్చినంత ఏడ్చి, ఈ హాస్టల్లో తాళాలగుత్తి నడుముకు దోపుకున్నారు. నోరు మంచిదని ఆవిడకు పేరు లేదు. మనసు మంచిది కాదన్నవాళ్ళూ లేరు.

వంట రాఘవమ్మ చేసేది. కూరలూ పులుసులూ పిల్లలే వంతులవారీగా వడ్డించుకునేవారు. మజ్జిగ మాత్రం జీవరత్నంగారిది. ఇత్తడి చెంబు పుచ్చుకుని, బంతి ఈ చివర నుంచి ఆ చివరి దాకా వంగి వంగి పోసుకుంటూ వెళ్ళేవారు. ప్రతి కంచం దగ్గరా ఒక్క క్షణం ఆగి మొహంలోకి చూసేవారు. "ఏమే, కళ్ళట్టా ఉబ్బినయ్యేంటి?" "ఇంటికాణ్ణించి ఉత్తరం రాలా?" అడగందే అమ్మైనా పెట్టదని లోకం అంటుంది. "ఆ లోకానికి బుద్ధి లేదు. అడగనోళ్ళకే ముందు పెట్టాలి" అనేవారు ఆవిడ.

అంతటి మనిషీ ఒకసారి పొరపాటు పడ్డారు.

జగ్గయ్యపేట అవతలి పల్లెలో పెద్ద రైతు కృష్ణయ్య కూతురు పుష్పవతి రెండో ఏడు చదువుతోంది. నెమ్మదస్తురాలు. ఆ వర్షాకాలంలో ఆ పిల్ల మజ్జిగ రాకముందే కంచం తీసుకుని లేచిపోవడం మొదలుపెట్టింది. మనవాళ్ళు మజ్జిగ పడకుండా చెయ్యి కడిగారంటే భోజనం చెయ్యనట్టే లెక్క. జీవరత్నంగారు మొదటిరోజే చూశారు. చూసి వేరేగా అర్థం చేసుకున్నారు.

అంతకు కొద్ది రోజుల ముందే కృష్ణయ్య కూతుర్ని చూడటానికి వచ్చాడు. జీవరత్నంగారు స్వయంగా మంచినీళ్ళు తెచ్చిస్తే, "దాహం లేదమ్మా" అని గ్లాసు ముట్టకుండా వెళ్ళాడు. ఎండలో జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చిన మనిషికి దాహం ఎందుకు లేదో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ లేని దాహం చిన్నప్పటి నుంచీ తెలిసిందే. తండ్రి చెప్పాడు, కూతురు పాటిస్తోంది అనుకున్నారు. మనసు చివుక్కుమంది.

"ఆ పిల్లకి నువ్వు పొయ్యి, రాఘవమ్మా" అన్నారు.

అప్పటినుంచి పుష్పవతి కంచం ముందు ఆగకుండా, మొహం చూడకుండా దాటిపోయేవారు. పిల్లను ఇబ్బంది పెట్టకూడదని కొంత, తన అభిమానం కొంత. లోకాన్నంతా చూసే కళ్ళకు ఆ అభిమానమే గంతలు కట్టింది.

కొన్నాళ్ళకు రాఘవమ్మ వంటింటి గుమ్మంలో గొణిగింది. "నేను పోసినా లేచిపోతంది అమ్మగారూ. మజ్జిగేంటి, అన్నమే తినట్లా. కెలికి వదిలేస్తంది."

ఆ సాయంత్రమే ప్రేమకుమారి అనే పిల్ల భుజాల మీద పుష్పవతి ఉన్ని శాలువా కనిపిస్తే, ఎక్కడిదని జీవరత్నంగారు అడిగారు.

"పుష్ప ఇచ్చేసిందండి. ఇంక తనకెందుకులే అంది."

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పుష్పవతిని సామాన్ల గదిలోకి పిలిచి, చింతపండు ముందు పోశారు. చేతులకు పనుంటే నోటికి సిగ్గుండదని ఆవిడ అనుభవం. ఇద్దరూ పిక్కలు తీస్తూ కూర్చున్నారు. కుప్ప సగమయ్యాక ఆ పిల్ల తలెత్తకుండానే చెప్పింది. చిన్నపిల్లల క్లాసులో పాఠం చెబుతుంటే మధ్యలో మాట ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. వెనక కూర్చున్న టీచర్లూ నవ్వారు. అప్పటినుంచి నిద్ర పట్టడంలేదు, ముద్ద దిగడంలేదు. "నేను దేనికీ పనికిరానండి. నేను లేకపోతేనే అందరికీ హాయి."

"ఓస్, దీనికేనా!" అని జీవరత్నంగారు అనలేదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశారు.

మన ఇళ్ళల్లో చావు మాట ఎత్తనివ్వరు. తథాస్తు దేవతలుంటారని భయం. క్రైస్తవుల ఇళ్ళలోనూ ఆ భయం తక్కువేమీ కాదు. జీవరత్నంగారి చెల్లెలు బేబి ఇలాగే మాటలు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, ఒకరోజు తనంతట తానే లేకుండా పోయింది. ఆ మాట అశుభమని దాన్ని ఎవరూ అడగలేదు. అక్కా అడగలేదు.

"చచ్చిపోవాలనిపిస్తందా తల్లీ?"

పుష్పవతి చేతులు ఆగిపోయాయి. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆ పిల్ల మొహంలో మాత్రం ఏదో ముడి వదులైంది.

"అనిపిస్తందండి. రోజూ." ఇక ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంది.

"మా మతంలో ఒట్టు పెట్టకూడదు. అబద్ధం అసలే ఆడకూడదు. నీకు మేలు చేసేవాళ్ళకి చెప్తా. ఇంకో పురుగుకి చెప్పను. ఇవాళ్టి నించి నీ పక్క నా గదిలో."

ప్రిన్సిపాలు భారతీదేవిగారు విని నీరుగారిపోయారు. చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. "ఇంటికి పంపించేద్దామండీ. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. స్కూలు పేరేం కావాలి?"

"పిల్ల పోతే పేరు మిగుల్తదా అండీ? ఆకలైతే నేను పెట్టగలను, జ్వరమొస్తే కాపలా కాయగలను. ఇది నా చేతిలో పని కాదు. బెజవాడలో మనసు జబ్బులు చూసే డాక్టరుగారున్నారంట. ప్రార్థన చేశా. బస్సు కూడా కనుక్కున్నా."

ఆవిడలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ మాటే. ప్రేమ ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. తన ప్రేమ చాలదని ఒప్పుకుని, చాలే చోటికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ.

కబురందుకుని కృష్ణయ్య పరుగున వచ్చాడు. పిచ్చి డాక్టరు దగ్గరికా అని మండిపడ్డాడు. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిస్తానన్నాడు.

"కట్టించండి కృష్ణయ్యగారూ. తాయెత్తు కట్టుకుని కూడా బస్సెక్కొచ్చు" అన్నారు జీవరత్నంగారు.

ముగ్గురూ బస్సెక్కారు. బస్సు పరిటాల దాటుతుంటే జీవరత్నంగారు బేబిని తలుచుకుని, పుష్పవతి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

డాక్టరు జగన్నాథరావుగారు మద్రాసులో చదివొచ్చినాయన. పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడారు. ఇది పిచ్చీ కాదు, గాలీ కాదు, కామెర్లలాగే ఇదీ జబ్బు అని తండ్రికి విడమరిచి చెప్పారు. మందులు రాసి, మళ్ళీ మళ్ళీ తీసుకురమ్మన్నారు. వచ్చేముందు జీవరత్నంగారు గుమ్మంలో ఆగి, "ముందే చూశానండి. చూసి వేరేగా అనుకున్నా" అన్నారు.

"అనుకున్నది సరిగాకపోయినా చూశారుగా" అన్నారాయన.

మందు వెంటనే పట్టలేదు. పుష్పవతి ఒక్కోసారి గోడకేసి తిరిగి పడుకునేది. బెజవాడ వెళ్ళాల్సిన ప్రతిసారీ జీవరత్నంగారు తాళాలగుత్తి రాఘవమ్మకు అప్పగించి తోడు వెళ్ళేవారు. భారతీదేవిగారు కూడా ధైర్యం తెచ్చుకుని, పిల్ల పాఠం చెప్పేటప్పుడు వెనక నవ్వితే ఊరుకోనని టీచర్లందరికీ చెప్పేశారు. ఇక నుంచి బంతిలో ఒక టీచరు కూర్చుని పిల్లలతోపాటే భోంచెయ్యాలని కూడా అన్నారు.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పుష్పవతి పప్పన్నం తిని, పులుసన్నం తిని, లేవకుండా కూర్చుంది. బంతిలో పిల్లలంతా చూడనట్టే చూస్తున్నారు. అలవాటు ప్రకారం రాఘవమ్మ మజ్జిగతో వచ్చి వంగింది. పుష్పవతి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

జీవరత్నంగారు పక్క కంచం దగ్గర్నుంచి వెనక్కి తిరిగారు. "మళ్ళీ వద్దంటన్నావేంటే?"

"వద్దనట్లేదండి. మీరు పొయ్యండి." ఆ పిల్ల తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. "ఎప్పుడూ మీరేగా పోసేది. మధ్యలో మానేశారు. నా దగ్గర ఆగడం కూడా మానేశారు. ఇంక మీకు కూడా నేను అక్కర్లేదనుకున్నా."

జీవరత్నంగారు చెంబు పుచ్చుకుని, మోకాళ్ళ మీద కూలబడి, పోశారు. కంచం నిండింది. ఆవిడ ఇంకా పోస్తూనే ఉన్నారు.

"చాలండి, మెతుకులు తేలిపోతన్నయ్యి" అంది పుష్పవతి.

"తేలనీ" అన్నారు జీవరత్నంగారు. ఆ పిల్ల చెయ్యి కడుక్కునే దాకా అక్కడి నుంచి లేవలేదు.