పెళ్లిచూపుల్లో పందిముళ్ల గడ్డి

ఆ రోజుల్లో సైన్సు మాస్టరు ఉద్యోగం దొరికితే చాలు, మనిషికి కొమ్ములు మొలిచేవి. నంద్యాలలో బడిలో చేరిన కొత్తలో, నల్లమల కొండల మీది గడ్డినంతా నేనొక్కణ్ణే గుర్తుపట్టాలన్నట్టు తిరిగేవాణ్ణి. అలాంటి నా చేత సెలవు పెట్టించి, ఒక శుక్రవారం మా మేనమామ ఆళ్లగడ్డ అవతల కొండ కింది పల్లెకు పిల్లను చూడటానికి తీసుకెళ్లాడు. ఊరి పొలిమేర చేరేసరికి రాహుకాలం మొదలైంది. అది పోయేదాకా ఊళ్లో అడుగు పెట్టేది లేదని మామ చెట్టు నీడన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నేను కొత్త పంచెతోనే కొండ ఎక్కాను.

అక్కడ మోకాలెత్తు గడ్డి ఎర్రగా పండి ఉంది. గింజకు సూదిలాంటి మొన, మొన పైన వెనక్కి వాలిన నూగు, చివర నల్లటి పొడవు తోక. తోకలన్నీ ఒకదానికొకటి జడలా పెనవేసుకున్నాయి. సందేహం లేదు, మా వైపు పందిముళ్ల గడ్డి అనేది ఇదే. ఆ నూగు వల్ల గింజ ముందుకే పోతుంది గాని వెనక్కి రాదు. (ఈ సంగతి పిల్లలకు ఎంత బాగా చెప్పవచ్చో అని మురిసిపోతూ దిగాను. అప్పటికే పంచె నిండా అవే.)

పిల్లవాళ్లింట్లో చాప మీద కూర్చోగానే ఒకటి గుచ్చింది. జరిగితే మరో నాలుగు. పిల్ల వచ్చి తలవంచుకుని ఎదురుగా కూర్చుంది. నేను కూర్చున్నచోటే మెలికలు తిరుగుతున్నాను. పిల్ల అవ్వ ఊరుకోలేక మామను అడిగింది.

"ఏందప్పా, పిల్లోనికి ఒంట్లో ఏమన్నా ఉందా?"

"వానికి చిన్నప్పట్నించీ అంతేలేమ్మా" అన్నాడు మామ, నన్ను కాపాడుతున్నాననుకుని.

పిల్ల నాయన ముఖం మాడిపోయింది. గజ్జి ఉన్నవాడికి పిల్లనెవరిస్తారు? సంబంధం చేజారుతోందని తెలిసి, గ్లాసుతో నీళ్లు అడిగాను. పంచెలోంచి ఒక గింజ పీకి, అరచేతిలో పెట్టుకుని నీళ్లు చిలకరించాను. తడి తగిలేసరికి మెలికలు విప్పుకుంటూ తోక మెల్లగా తిరగసాగింది.

అవ్వ వెనక్కి జరిగింది. "పురుగును పెంచుతాండాడే ఈయప్ప" అంది.

"పురుగు కాదవ్వా, పందిముళ్ల గడ్డి. మన గొర్రెలకు గుచ్చుకునేది ఇదే" అంది పిల్ల. "కొత్త పంచె కట్టుకోని ఆ గడ్డిలోకి ఎవురన్నా పోతారా?"

ఇల్లంతా నవ్వింది. పిల్ల నాయన ముఖం కూడా తేటపడింది. నేను మాత్రం గింజ మీంచి కళ్లు తిప్పకుండా మొన గురించీ, నూగు గురించీ పాఠం చెప్పుకుంటూ పోయాను.

తిరుగు బస్సులో మామ, "వాళ్లకు ఇష్టమేనంటరా. పిల్ల యెట్లుంది, చెప్పు మల్ల" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. నేను పిల్ల ముఖం చూడనే లేదు.

"బాగుంది మామా" అన్నాను.

పెళ్లిపీటల మీద తెర తీసేదాకా నాకు నిద్ర లేదు. తెర తీశాక, చెప్పింది అబద్ధం కాదని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత అప్పటి ఆ కుర్ర మాస్టరు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి అదృష్టం తలుచుకుంటే కాస్త అసూయ కూడా.