ములక్కాడతో ఎండోస్కోపీ సాధన

ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉంచక తప్పదని పోయిన నెలలోనే తెలిసింది. నన్ను ఎండోస్కోపీ చేయించుకోమని డాక్టరు రాస్తే, ఆఫీసులో పక్క సీటాయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, యుద్ధానికి పంపుతున్నట్టు చూశాడు. ఇంత భయం ఇంకా జనంలో ఉందంటే, అందులో కొంత నాబోటి పుస్తకాల పురుగులు పంచిపెట్టిందే. ఇకమీదట ఎవరూ మంచం అంచున తల వేలాడేసి, ఉడకబెట్టిన ములక్కాడ గొంతులో పెట్టుకుని సాధన చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో (సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాలేదు) నాకు తెలియని విషయం లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఇంటర్‌తో చదువాపి జగ్గయ్యపేటలో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. సాయంత్రమైతే లైబ్రరీలో కూర్చుని, తేనెటీగల పెంపకం నుంచి గుండె ఆపరేషన్ దాకా ఏది దొరికితే అది చదివేవాణ్ణి. అందుకే మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నన్ను పేరుతో కాక 'లైబ్రరీ' అని పిలిచేవాడు. ఆయన ముక్త్యాల నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. నడుం నొప్పికి పరగడుపునే మాత్రలు మింగడం, కడుపు మండితే చిటికెడు వంటసోడా వేసుకోవడం ఆయన వైద్యం. కొన్నాళ్ళకి తిండి సయించక, చొక్కా భుజాల మీద నుంచి జారిపోతుంటే అత్తయ్య పోరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. లోపల ఏముందో గొట్టంతో చూడాలన్నారాయన. ఆ మాటకే మావయ్య ముఖం వాడిపోయింది. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, కూడా ఇలాగే కడుపు నొప్పి అంటూ, ఏ జబ్బో ఎవరికీ తెలియకుండానే పోయాడు.

"గొట్టం అంటే ఎట్టుంటదిరా లైబ్రరీ?" అని అడిగాడు. తెలియదు అంటే నా పరువేం కావాలి? వెళ్ళి అట్ట ఊడిన ఒక వైద్య గ్రంథం దించాను. అందులో బొమ్మ కూడా ఉంది: బల్ల మీద మనిషి, వెనక్కి వాలిన తల, నోట్లోకి తిన్నగా దిగుతున్న లోహపు గొట్టం. (ఆ పుస్తకం ఎప్పటిదో చూడాలన్న ఆలోచనే రాలేదు.) "మెడ నిటారుగా ఉంటే చాలు మావయ్యా, సాధన చేస్తే వచ్చేస్తుంది," అని ధైర్యం చెప్పి, రోజూ సాయంత్రం ములక్కాడతో శిక్షణ మొదలుపెట్టాను. మావయ్య కళ్ళ నీళ్ళు కారుస్తూ ఓక్ మనేవాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఏంట్రా, మీ మావయ్యని సర్కస్‌లో చేర్పిస్తన్నావా? ఆ ములక్కాడలు పులుసులో వేస్తే ఇంటిల్లిపాదీ తినేవాళ్ళం," అనేది.

నందిగామలో ఒక నర్సింగ్ హోముకి వారానికోసారి బెజవాడ నుంచి కడుపు డాక్టరు వచ్చేవారు. ముందు రోజు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదనీ, తెల్లవారాక మంచినీళ్ళు కూడా వద్దనీ చెప్పారు. కడుపులో తిండి ఉంటే లోపల కనపడదు, పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. "కాఫీ చుక్క తాగితే ఏమవుద్ది, అదేమన్నా తిండా?" అని అత్తయ్య గ్లాసు తెచ్చింది గానీ, నేను అడ్డం పడ్డాను. (మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.)

నర్సింగ్ హోములో పేరు రాయించాక, "ఇప్పుడే వస్తా," అని బయటికెళ్ళిన మావయ్య ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ పోతే బస్టాండులో, జగ్గయ్యపేట బస్సులో, కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నేనూ ఎక్కి పక్కన కూర్చున్నా.

"గొట్టం సంగతి అట్టా ఉంచరా," అన్నాడు బయటికే చూస్తూ. "మా నాయనకి వచ్చిందే నాకూ వచ్చిందని చెప్తారు. అది వినే గుండె నాకు లేదు."

పుస్తకాల సంగతి వదిలేసి, ఆయన చెయ్యి పట్టుకున్నాను. "వినకపోతే ఉన్నది పోద్దా మావయ్యా? పోనీ ఒక పని చేద్దాం. ముందు ఆ గొట్టం చూపించమందాం. చూశాక వద్దనిపిస్తే ఇద్దరం ఇంటికెళ్ళిపోదాం." కండక్టరు రైట్ అనబోతుండగా మావయ్య లేచాడు. "ఎక్కేదో దిగేదో తేల్చుకోండయ్యా!" అని విసుక్కుంటూనే ఆయన బస్సు ఆపించాడు.

డాక్టరుగారు నవ్వి, గొట్టం చూపించారు. నల్లగా, చిటికెన వేలంత లావున, ఎటు వంచితే అటు వంగుతోంది. మావయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదా! ఒరేయ్ లైబ్రరీ, ట్యాంకులోంచి డీజిలు తీసే పైపు దీనికి రెండింతలుంటది గదరా! దాన్ని నోట్లో పెట్టి పీల్చేవాణ్ణి, నన్ను ములక్కాడతో చంపావు!"

"దీన్ని మాత్రం పీల్చకండి," అన్నారు డాక్టరుగారు. "మింగితే చాలు."

కట్టుడు పళ్ళున్నాయా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఏ మందైనా పడదా అని అడిగారు. నడుం నొప్పి మాత్రల సంగతి అప్పుడే బయటపడింది. గొంతులో చేదు మందు కొడితే తిమ్మిరెక్కింది. ఎడమ పక్కకి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చమన్నారు. ఉమ్మి మింగకుండా కారనిమ్మన్నారు. ఒక్క గుటకలో గొట్టం దిగింది. ఓక్ మన్నాడు, కన్నీళ్ళొచ్చాయి, లోపలికి కొట్టిన గాలికి గది అదిరేలా త్రేన్చాడు. కాస్త ఇబ్బందే, కాదనను. కానీ నేను తలుపు బయట గోళ్ళు కొరుక్కోవడం పూర్తి కాకముందే అయిపోయింది. గొంతు తిమ్మిరి వదిలేదాకా కాఫీ ఇవ్వకూడదన్నారు గనక, మావయ్య సైగలతో తిట్టిన తిట్లన్నీ పడ్డాను.

లోపల ఉన్నది పుండు. మందులతో మానేదేననీ, ఆ నొప్పి మాత్రలు ఆపాలనీ డాక్టరుగారు చెప్పారు. పరీక్షకి చిన్న ముక్క తీశామనీ, అలా తీసినంత మాత్రాన పెద్ద జబ్బని అర్థం కాదనీ కూడా చెప్పారు. తర్వాత ఆ రిపోర్టూ మంచిగానే వచ్చింది. ఆ రోజు తిరుగు బస్సులో మావయ్య మళ్ళీ కిటికీ పక్కనే కూర్చున్నాడు. నందిగామ దాటాక, "మా నాయనదీ పుండేనేమోరా. చూసేవాళ్ళు లేకపోయారు," అన్నాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, "ఆకలేస్తంది," అన్నాడు. ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో.

కాబట్టి, నవ్వి గొట్టం చూపించిన కడుపు డాక్టరుగారికి, బస్సు ఆపించిన విసుగు కండక్టరుకి, కాఫీ గ్లాసు వెనక్కి తీసుకెళ్ళిన పులుసు అత్తయ్యకి నా కృతజ్ఞతలు. సాధన పేరుతో ఎన్ని ములక్కాడలు పాడు చేసినా, బస్సెక్కి మావయ్య పక్కన కూర్చున్నందుకు ఆనాటి లైబ్రరీ కుర్రాడికీ ఒకటి. అందరికన్నా ఎక్కువ మా డీజిలు మావయ్యకి. పోయిన నెల నాకు తోడొచ్చింది ఆయనే. స్టీరింగ్ వదిలేసి చాలా కాలమైంది, చొక్కా ఇప్పుడు పొట్ట దగ్గర బిగుతు. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే, వరండాలో జనమంతా వినేలా అరిచాడు:

"లైబ్రరీ! పీల్చమాకు. మింగితే చాలు!"