ఒకే ల్యాంపు నంబరు

పోయినవి పందొమ్మిది ముఖాలు, పందొమ్మిది గొంతులు. మా బాయి మనుషుల కోసం నేను కట్టిన వెబ్‌సైటులోంచి ఒక్కొక్కటిగా, చప్పుడు లేకుండా పోయాయి. బాయి అంటే భూమి కింది బొగ్గు గని. గోదావరిఖనిలో అందరం అలాగే అంటాం.

అంతకుముందు బడిపిల్లల కోసం ఒక సైన్సు వెబ్‌సైటు చేశాను. రామగుండం నుంచి బసంత్‌నగర్ దాకా మిద్దెల మీద థర్మామీటర్లు పెట్టించి, రోజూ ఎండ ఎంత కాసిందో అందులో ఎక్కించేవాళ్లం. ప్రతి థర్మామీటరుకూ ఒక నంబరు. ఆ నంబరు ఆ మిద్దెను వదిలి ఎక్కడికీ పోయేది కాదు. మనుషుల వెబ్‌సైటునూ అదే పద్ధతిలో కట్టాను. బాయిలో ఒకే పేరున్నవాళ్లు చాలామంది. టోపీకి తగిలించుకునే ల్యాంపు నంబరు మాత్రం ఒక్కరికే ఉంటుంది. ఫొటో, గొంతు ఆ నంబరు కిందే దాచాను. మాట్లాడేముందు ప్రతివాళ్లూ నంబరు చెప్పి, తర్వాత పేరు చెప్పాలి.

అయితే మనిషి ఉద్యోగం దిగిపోతే అతని ల్యాంపు ఇంకొకరి టోపీకి ఎక్కుతుంది. కొత్తవాడు తన ఫొటో, మాటలు పెట్టగానే పాతాయన చెరిగిపోయాడు.

ఆ సంగతి బయటపెట్టింది మా వెనక క్వార్టర్ల లైనులో ఉండే, వరసకు నాకు అక్కయ్యే ఆమె. బావ ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్లు అన్‌ఫిట్ రాసిస్తే ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. మరుసటి ఎండాకాలం బావ చనిపోయాడు. ఆయన మాటలు ఇంకెక్కడా లేవు. ఆమె నా వెబ్‌సైటులోనే వినేది. ఒకరోజు కొడుకును వెంటబెట్టుకుని, ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"తమ్మీ, మీ బావ యాడికి పోయిండు? నొక్కితే మా పోరడు మాట్లాడుతుండు."

"నంబరు తప్పు కొట్టినవేమో అక్కా."

"ముప్పై ఏండ్లు టిఫిన్ డబ్బ మీద చూసిన నంబరురా. నాకు చెప్తవా?"

కొడుకు తల వంచుకున్నాడు. "బాపు నంబరు నాకే గావాలె అని ల్యాంపు రూముల అడిగి మరీ తీసుకున్న మామా. గిట్లయితదని నాకేమెరుక?"

"బతికున్నప్పుడు ఒక్క మాట ఇననోనివి, పోయినంక నంబరెందుకురా నీకు?" అంది ఆమె, వాడి వీపు నిమురుతూనే.

ఒకే నంబరు కింద ఎందరైనా ఉండేలా వెబ్‌సైటును మార్చి, దిగిపోయిన మిగతా పద్దెనిమిది మందినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ మాట్లాడించాను. "మల్ల డ్యూటీ ఎక్కిస్తున్నవా ఏంది?" అని నవ్వాడు ఒకాయన.

అక్క ఇప్పటికీ వస్తుంది. కొడుకు మాటలే పెట్టమంటుంది. "మూడు వందల పన్నెండు" అంటాడు వాడు. చివరి మాట సాగదీసి, గొంతు సవరించుకుంటాడు. అచ్చం బావలాగే.

"గీడనే ఆపు," అంటుంది అక్క. "గిందాక మీ బావనే."

వాడి పేరు రాకముందే ఆపేస్తాను. మళ్లీ మొదటికి తెస్తాను.

తిరిగొచ్చిన గొంతులు పద్దెనిమిది. అక్కకు ఇంకా ఇవ్వాల్సింది ఒకటి.