కాగితం మీద అరవై మూడు

సూర్యకుమారి కెనడాలోని హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి లాండ్రీలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఒకరోజు తడి దుప్పట్ల బండి చక్రం ఇరుక్కుంటే గట్టిగా లాగింది. కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. స్కాన్ చూసిన డాక్టరు లోపల కండరం చిరిగిందన్నాడు.

నాలుగో రోజున సూపర్‌వైజర్ డెబ్రా పళ్లబుట్టతో ఇంటికొచ్చింది. మాటల మధ్యలో, "రిటైర్మెంట్ ఎప్పుడనుకుంటున్నావు?" అని అడిగింది.

ఆమె వెళ్లగానే సూర్యకుమారి బుట్టని దూరంగా జరిపింది.

"ఊరికే ఎవరూ ఆపిల్ పళ్లు మోసుకు రారండీ."

"పలకరింపుకొచ్చిందిలే," అన్నాడు భర్త వీరభద్రం, ఒకటి కొరుకుతూ.

పనిలో దెబ్బ తగిలినవాళ్లకి డబ్బులిచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ బోర్డు నుంచి జీతానికి బదులు బెనిఫిట్ రావడం మొదలైంది. నాలుగో నెలలో ఉత్తరం వచ్చింది. భుజం బాగుపడకపోయినా, దెబ్బ తగిలిన రోజు నుంచి రెండేళ్లు దాటి బెనిఫిట్ రాదట. సూర్యకుమారికి ఒళ్లు మండింది. తనతో పనిచేసే లూజ్ అనే ఆమె అరవయ్యో ఏట కింద పడితే, అరవై అయిదు నిండేదాకా ఇస్తామన్నారు మరి!

బోర్డుకి ఫోన్ చేసింది. అవతలామె నిదానంగా చెప్పింది. దెబ్బ వల్ల సంపాదన తగ్గినన్నాళ్లూ బెనిఫిట్ వస్తుంది. నయమై పాత జీతం అందుకుంటే ఆగిపోతుంది. నయం కాకపోతే అరవై అయిదు నిండేదాకా వస్తుంది. కానీ దెబ్బ తగిలేనాటికే అరవై మూడు నిండితే, రెండేళ్లే.

"నాకు అరవై ఒకటేనండీ!"

"ఫైల్లో అరవై మూడుంది మేడమ్."

ఇంకేముంది, డెబ్రా పనే! రిటైర్మెంట్ అడిగింది అందుకే. మర్నాడే సూర్యకుమారి యూనియన్ ఆఫీసుకి వెళ్లి, ఆసుపత్రి పంపిన ఫారం తీయించింది. దాని వెనక ఉద్యోగంలో చేరినప్పటి దరఖాస్తు ఉంది. పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఉన్నదే; అందులోకి బడి సర్టిఫికెట్ నుంచి ఎక్కింది. రాసింది తనే. ఆ వంకర ఏడు అంకె ఇంకెవరూ రాయరు.

ఇంటికొచ్చి రాజమండ్రిలో ఉన్న అక్కకి ఫోన్ చేసింది. "నా వయసు రెండేళ్లు ఎక్కువ రాయించిందెవరే?"

"నాన్నేనే. నన్నొక్కదాన్నీ కాలవగట్టు మీద బడికి పంపడానికి భయపడ్డాడు. నిన్ను నాతోపాటు ఒకే క్లాసులో వెయ్యాలని మేష్టారికి చెప్పి రాయించాడు. నువ్వు మహా సంబరపడ్డావు కూడాను!"

సూర్యకుమారి ఫోన్ పెట్టేసింది. నాన్న మీద కోపం తెచ్చుకోబోయింది గాని, రాలేదు.

యూనియన్ అతను అప్పీల్ గడువు చెప్పాడు గాని, బడి రిజిస్టరు తప్పని చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. అప్పీల్ మానేసింది. ఫిజియోథెరపీకి శ్రద్ధగా వెళ్లింది. ఏడో నెలలో, చిరిగిన గౌన్లు కుట్టే గదిలో రోజుకి నాలుగు గంటల పని ఇచ్చారు. తగ్గిన జీతానికి బోర్డు కొంత కలిపేది. ఆ పనికి ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం మూడుసార్లు చదివింది, డెబ్రాని ఎదురుగా నిలబెట్టి.

రెండేళ్లు నిండిన రోజున బెనిఫిట్ ఆగిపోయింది. భుజం ఇంకా పూర్తిగా పైకి లేవడంలేదు. "ఇంక మానెయ్యకూడదూ?" అన్నాడు వీరభద్రం.

"నాకింకా అరవై మూడేనండీ," అని లంచ్ డబ్బా సర్దుకుని, సూర్యకుమారి బస్సు కోసం బయల్దేరింది.