కరెంటు పోతేనే ఫుట్‌బాల్

2011వ సంవత్సరం. సిరిసిల్లలో ఒక సర్కారు హైస్కూల్లో నేను పీఈటీని. పీఈటీ అంటే ఆటల సారు. పొద్దున ప్రార్థనకు పిల్లల్ని వరుసలో నిలబెట్టడం, లెక్కల సారు రాకపోతే ఆ క్లాసుకు కాపలా కాయడం, పంద్రాగస్టుకు సున్నంతో గీతలు గీయడం, ఇవన్నీ అయ్యాక టైం మిగిలితే ఆటలు ఆడించడం మా పని. మాది కోరుట్ల. చిన్నప్పుడు అక్కడ నేను ఆడింది కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ పిచ్చి ట్రైనింగులో పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. మా వైపు పిల్లలు సాయంత్రమైతే బంతి తన్నుకుంటూ తిరగాలని, నేను రిటైరైపోయాక కూడా ఆ ఆట ఊళ్లో ఉండాలని నా కోరిక. పెళ్లిచూపుల్లో కూడా ఇదే చెప్పానట. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నాలుగేళ్లు తంటాలు పడితే సిరిసిల్లలో ఒక జట్టు తయారైంది. ఆ జట్టుకు ప్రాక్టీసు టైం పెట్టింది నేను కాదు, కరెంటు ఆఫీసు. బడి చుట్టూ గల్లీలన్నీ సాంచాల ఇళ్లు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. బడి విడవగానే పిల్లలకు ఇంట్లో కండెలు చుట్టే పని. కండె అంటే మగ్గం నాడెలో పెట్టే దారపు చుట్ట. కరెంటున్నంతసేపు ఆ పని వదిలి రావడానికి లేదు. కరెంటు పోతే సాంచాలు ఆగుతాయి, ఐదు నిమిషాల్లో పిల్లలు గ్రౌండులో ఉంటారు. మళ్లీ కరెంటొచ్చి సాంచాలు టకటకమనగానే బంతిని ఎక్కడికక్కడ వదిలేసి, చెప్పులు చేతబట్టుకుని ఇళ్లకు పరుగు. ఫుట్‌బాల్లో అన్నిటికంటే ముందు నేర్పే సూత్రం, విజిల్ ఊదేదాకా ఆట ఆపొద్దని. మా వాళ్ల విజిల్ నా నోట్లో లేదు, ట్రాన్స్‌ఫార్మర్లో ఉంది.

ఆ సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి. మేమూ సమ్మెలోకి దిగాం, బడికి తాళం పడింది. పొద్దున్నే పోయి చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్లం. ఒక రోజు రోడ్డు మీద వంటావార్పు, ఒక రోజు బతుకమ్మ, ఒక రోజు పాటల ధూంధాం. ఒకనాడు శిబిరంలో ఒక పెద్దమనిషి నా వైపు తిరిగి, "ఆటల సారు ఉత్తగనే కూసుంటున్నడు. రేపు రోడ్డు మీద ఏదన్న ఆట ఆడించుండ్రి" అన్నాడు. అందరూ కబడ్డీ అనుకున్నారు. దొరికిన అవకాశం నేనెందుకు వదులుతాను, ఫుట్‌బాల్ పెట్టాను.

టెంటు కట్టెలు నాలుగు తెచ్చి రెండు దిక్కులా గోల్ పాతించబోయాను. పాతడానికి తారు రోడ్డు ఒప్పుకోకపోతే కట్టెకు ఒకణ్ణి చొప్పున పట్టుకుని నిలబెట్టాం. తీరా చూస్తే ఒక జట్టులో మనిషి తక్కువ. ఒక పిల్లవాడు సెలవులని గంభీరావుపేటలో మేనత్త ఇంటికి పోయాడు. అప్పుడు గుంపులోంచి లుంగీ కట్టుకున్న ఒక యువకుడు ముందుకొచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. మా బళ్లోనే ఏడో తరగతి దాకా చదివి మానేసి సాంచాలు నడుపుతున్నాడని తర్వాత తెలిసింది. పేరు బాలరాజు.

"నేను నిలబడ్త సార్."

"ఎప్పుడన్న ఆడినవా?"

"లేదు సార్. మీ పోరగాండ్లు ఆడంగ గోడమీదికెల్లి జూసిన. నాలుగేండ్లసంది జూస్తున్న."

లుంగీ ఎగగట్టి అతను తన్నిన మొదటి తన్నుకు బంతి గోల్ దాటి, టెంటు తాడు దాటి, శిబిరంలో దండ వేసుకుని దీక్షలో కూర్చున్న పెద్దమనిషి ఒళ్లో పడింది. ఆయనకు పొద్దుటినుంచి తిండి లేదు, కోపం చేసుకునే ఓపికా లేదు. బంతిని కాసేపు పట్టుకుని చూసి, "గిది గోల్ కిందికి అస్తదా సారూ?" అని అడిగాడు. చౌరస్తా అంతా నవ్వింది. వేములవాడ నుంచి గుండ్లు చేయించుకుని జీపులో వస్తున్నవాళ్లు కూడా దిగి అరగంట చూసి పోయారు. నాలుగేళ్లలో బడి గోడ దాటని ఆట ఒక్క పూటలో ఊరంతా చూసింది.

మర్నాటి నుంచి బాలరాజు రోజూ వచ్చాడు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి కాబట్టి కరెంటు సగం రోజు ఉండేది కాదు. సాంచాలు ఆగిన ఇళ్లలో అందరికీ తీరికే. నేను హెడ్మాస్టరు దగ్గర గేటు తాళంచెవి అడిగి తెచ్చాను. సమ్మె కదా, ఆయనా కాదనలేదు. బాలరాజు వస్తూ వస్తూ గల్లీ పిల్లలందర్నీ తోలుకొచ్చేవాడు. మూడో తరగతి పిల్లలు, బడి మానేసిన పిల్లలు, బీడీలు చుట్టే ఆడపిల్లలు, అందరూ. నేను నా పద్ధతిలో పదకొండు మందిని ఏరి ఇటు, పదకొండు మందిని అటు నిలబెట్టి మిగిలినవాళ్లను గీత బయట కూర్చోబెట్టాను. బాలరాజు నా దగ్గరికొచ్చాడు.

"సార్, గీళ్లెందుకు కూసున్నరు?"

"సబ్‌స్టిట్యూట్లు. అంటే ఎవలికన్న దెబ్బ తాకితె వాని బదులు దిగేటోళ్లు."

"దెబ్బ తాకకపోతే?"

"దిగరు."

"గదేం ఆట సార్. ఇంట్ల పని ఇడిసిపెట్టి అచ్చింది సూసుకుంట కూసునెతందుకా?"

అంటూనే అతను కూర్చున్నవాళ్లను లేపుకుని గ్రౌండు వెనక భాగానికి పోయాడు. చెప్పులు గోల్ పెట్టి ఇంకో ఆట మొదలుపెట్టాడు. ఇంకో పది మంది వస్తే మూడో ఆట. గల్లీకో జట్టు, ప్రతి జట్టులో చిన్నా పెద్దా కలిపి. చిన్నవాడు గోల్ కొడితే రెండు లెక్క అని అతనే ఒక రూలు పెట్టాడు. దాంతో పెద్దవాళ్లంతా బంతి తెచ్చి చిన్నవాళ్లకే ఇవ్వడం మొదలుపెట్టారు. పాస్ ఇవ్వండ్రా అని నేను నాలుగేళ్లుగా గొంతు చించుకున్నది ఆ రూలు వారం రోజుల్లో నేర్పింది. నాకు మాత్రం లోపల చిరాకే. ట్రైనింగయిన సారును నేను, ఏడో తరగతి చదివినవాడు నాకు నేర్పడమా అనిపించేది.

కానీ అతని చూపు వేరు. నాలుగు సాంచాలు ఒక్కడే నడిపే మనిషికి, ఒక దానితో పని చేస్తుండగా ఇంకోదానిలో పోగు తెగితే చెవికి తెలిసిపోతుంది. అలాగే అరవై మంది పిల్లల్లో ఎవడు అలిగాడో, ఎవరికి పొద్దుటినుంచి బంతి అందలేదో తల తిప్పకుండా చెప్పేవాడు. నా దగ్గర విజిల్ పట్టడం నేర్చుకున్నాడు. ఆఫ్‌సైడ్ మాత్రం, అంటే అవతలి కాపలావాళ్లను దాటి ముందే పోయి బంతి కోసం కాచుకుని ఉండటం తప్పని చెప్పే రూలు, అతనికి చాలా రోజులు మింగుడుపడలేదు. ఒకరోజు తనే వచ్చి, "అంటే సార్, బంతులు కూసోకముందే ఆకు ముంగట కూసున్నట్టు" అన్నాడు. బంతి అంటే పెళ్లి భోజనాల వరుస. పిల్లలకు అలాగే చెప్పాడు, అందరికీ ఎక్కింది.

ఆ నలభై రోజుల మీద నాకు ఇప్పటికీ మనసు పీకుతుంది. మధ్యాహ్నం ఎండ తగ్గే వేళ కరెంటు పోయేది. పిల్లల వెనకే తండ్రులు, పక్క గల్లీలోని ఉర్దూ మాట్లాడే ఇళ్ల పెద్దలు వచ్చి గోడ నీడన కూర్చునేవారు. మా జట్టు గోల్‌కీపర్ ఇమ్రాన్ బంతి ఆపితే వాళ్ల తాత లేచి నిలబడి సలాం చేసేవాడు. ఇదే, నేను కోరుకున్నది ఇదే అనుకునేవాణ్ణి. కోరుకున్నది ఎదురుగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకోవాలన్న తెలివి మాత్రం లేకపోయింది.

సమ్మె ముగిసింది. బడి తెరిచే ముందు రోజు బాలరాజు తన దగ్గర ఉంచిన తాళంచెవి నా చేతిలో పెట్టి అడిగాడు.

"బడి తెరిచినంక గూడ సాయంత్రం గంటసేపు గేటు తీయుండ్రి సార్. సాంచాల కాడ తమ్మున్ని నిలబెట్టి నేనస్త. పోరగాండ్లను నేను జూసుకుంట."

హెడ్మాస్టరుతో చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. "బయటోళ్లు లోపలికచ్చినంక ఏమన్నయితే నోటీసు నాకస్తది. మీ బాధ్యత అని ఒక కాగితం రాసియ్యుండ్రి, సంతకం పెడ్త" అన్నాడు. ఒక్క కాగితం. నాలుగు వాక్యాలు.

నేను రాయలేదు. జగిత్యాలలో హైస్కూళ్ల ఫుట్‌బాల్ టోర్నమెంటు నెలరోజుల్లో ఉంది. సమ్మెలో పోయిన క్లాసులకు బదులు ఆదివారాలు కూడా బడి నడుస్తోంది. ఆటలకు మిగిలింది సాయంత్రం ఆ ఒక్క గంటే. టోర్నమెంటుకు ఎలిజిబిలిటీ ఫారం అని ఒకటి పంపాలి, అందులో మా బళ్లో చదివే, వయసుకు లోబడిన పిల్లల పేర్లే ఉండాలి. బాలరాజు పేరు ఏ ఫారంలోనూ రాదు. గల్లీ పిల్లల పేర్లూ రావు. ఆ గంట పదకొండు మందికి ఇస్తే కప్పు వస్తుంది, కప్పు వస్తే బళ్లో ఫుట్‌బాల్‌కు విలువ వస్తుంది, అప్పుడు అందరికీ గేటు తీయొచ్చని నా లెక్క.

"జగిత్యాల కానీయ్ బాలరాజూ. గటెన్క జూద్దాం" అన్నాను.

"సరే సార్" అన్నాడు.

గల్లీ పిల్లలు అడ్డం వస్తున్నారని ప్రాక్టీసు టైంలో గేటుకు లోపలినుంచి గొళ్లెం పెట్టించాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

జగిత్యాలలో మావాళ్లు ఫైనల్ దాకా పోయారు. ఎదురుగా కోరుట్ల జట్టు, మా సొంత ఊరు. గుండె రెండు చీలికలైంది అని గొప్పకు చెప్పను, సిరిసిల్లే గెలవాలని మొక్కుకున్నాను. ఆట ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు కరెంటు పోయి, గ్రౌండు పక్క ఫంక్షన్ హాల్లో డీజిల్ ఇంజను మొదలైంది. టక్, టక్, టకటకటక. మా వెనక వరుస పిల్లలిద్దరూ, గోల్‌లో ఇమ్రాన్, ముగ్గురూ ఒక్కసారి ఆగిపోయి చెప్పులు విడిచిన దిక్కు తిరిగారు. రెండు క్షణాలు, అంతే. కోరుట్ల పిల్లవాడు ఏం జరిగిందో అర్థం కాకపోయినా బంతిని గోల్‌లోకి నెట్టాడు.

తిరుగు బస్సులో ఇమ్రాన్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "సాంచాలు షురువైనయ్ అనుకున్న సార్."

"జగిత్యాలల నీకు సాంచాలు యాడియిరా?"

"నాకెరుకే సార్. కాళ్లకెరుక లేదు."

ఆ రోజు తిట్టాను. తర్వాత ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నానో లెక్కలేదు. వాడి కాళ్లకు ఆట నేర్పింది ఆ గల్లీ. దాన్ని వదిలేసి పదకొండు మందిని ఏరుకుని పోవడం తప్పని నాకు ఆ బస్సులోనే తోచింది. సిరిసిల్లలో దిగిన మర్నాడు హెడ్మాస్టరుకు కాగితం రాసిచ్చాను, సంతకం పెట్టించాను, సంతోషంగా బాలరాజు ఇంటికి పోయాను. వాళ్లమ్మ గడపలో బీడీలు చుడుతోంది.

"బొంబయి దిక్కు భీమండి వోయిండు సారూ. పదిహేను దినాలాయె. గీడ సాంచాలు సరిగ నడుస్తలేవని వాళ్ల మామ అచ్చి తోల్కపోయిండు." చేతిలో బీడీకి దారం చుట్టి మళ్లీ అంది, "పోయే ముంగట మీతోని జెప్పిపోదామని రెండుమాట్ల బడికాడికచ్చిండట. గేటు పెట్టి ఉన్నదట."

కాగితం జేబులో ఉంది. గేటు తీశాను. మొదటి వారం ఇరవై మంది వచ్చారు, తర్వాత ఎనిమిది మంది. నేను విజిల్ ఊదితే వస్తారు, ఊదకపోతే రారు. గల్లీలోకి పోయి ఇంటింటా పిలిచి, అలిగినవాణ్ణి భుజాన వేసుకొచ్చే మనిషి లేడు. అది నాకు చేతకాలేదు, నేర్చుకోనూ లేదు. రెండేళ్లకు నాకు జగిత్యాల బదిలీ అయింది. తెలంగాణ వచ్చింది, సిరిసిల్ల, జగిత్యాల రెండూ జిల్లాలయ్యాయి, నేను రిటైరై కోరుట్లలో ఇల్లు చేరాను. సిరిసిల్ల మీదుగా పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ గ్రౌండు వైపు చూస్తాను. క్రికెట్ ఆడుతుంటారు. అదీ మంచిదే. నేను వెతికేది మాత్రం కనిపించదు.

పోయిన ఎండాకాలం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నేను బాలరాజును. లుంగీ బాలరాజును."

గొంతు లావైంది, మనిషి అదే. ఇమ్రాన్ దగ్గర నా నంబరు దొరికిందట. భీమండిలోనే పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. సెలవు రోజు ఒక ఖాళీ జాగాలో గల్లీ పిల్లల్ని ఆడిస్తున్నాడట. మనవాళ్లు, మరాఠీవాళ్లు, బీహారువాళ్లు అందరూ కలిసి ఎనభై మంది అవుతారట. పన్నెండేళ్లుగా ఒక్క వారం ఆగలేదట.

నా బుద్ధి ఎక్కడికి పోతుంది, "కప్పులేమన్న గెలిచిండ్రా?" అని అడిగాను.

"లేదు సార్. యాడికి పోలే. ఎవ్వల్ని గూడ సూసుకుంట కూసునియ్యం, అంతే." మళ్లీ అతనే అడిగాడు, "మన గ్రౌండ్ల ఇప్పుడెంతమంది ఆడుతున్నరు సార్?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "మస్తుమంది ఆడుతున్నరు బాలరాజూ" అన్నాను.

"నాకెరుక సార్. గీడ పోరగాండ్లకు గదే జెప్త. మా సిరిసిల్లల ఇంకా ఆడుతున్నరు, మనమేమన్న తక్కువనా అని."

ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ ఎవరని అడిగితే, పాత స్టూడెంట్ అన్నాను. అదీ అబద్ధమే. ఊళ్లో ఒక ఆట నిలవాలంటే పదిమందిని పిలిచే మనిషి ఒకడుండాలని ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నాను. అలాంటివాడు నా సర్వీసంతా కలిపి ఒక్కడే దొరికాడు. తనంతట తానే వచ్చి గంటసేపు గేటు తీయమన్నాడు. నాలుగు వాక్యాల కాగితం రాయడానికి ఆ రోజు నాకు తీరిక లేకపోయింది.